మన 42 మంది ఎంపీలకి ఒక మీసేవ ఆపరేటర్ రాసే బహిరంగ లేఖ

అన్నలకి, అక్కలకి, పెద్దలకి నమస్కారం. ఆంధ్రా నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది, మొత్తం 42 మంది ఉన్నారు మీరు లోక్‌సభలో. పార్టీ చూడకుండా అందరికీ కలిపి ఒకటే లెటర్ రాస్తున్నా, ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నేను జగిత్యాల వైపు మీసేవ సెంటర్ నడుపుతా. 2021లో సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకుంటే కోవిడ్‌తో పోయినవాళ్ళ ఇంటికి 50 వేలు ఇప్పిస్తామని కేంద్రం ఒప్పుకుంది కదా, ఆ అప్లికేషన్లు మా రాష్ట్రంలో మీసేవలోనే పెట్టించారు. ఆ ఏడాది చివర్లో నా టేబుల్ మీదకి వచ్చిన కాగితాలు ఎట్లా ఉండేవంటే, పాజిటివ్ రిపోర్టు ఉంటుంది, మనిషి పోయాడు, కానీ ఆస్పత్రి ఇచ్చిన పేపర్లో కార్డియాక్ అరెస్ట్ అని రాసుంటుంది. ఇంకొకాయనకి సీటీ స్కాన్‌లో కోరాడ్స్ 5, అంటే స్కాన్ చూస్తే కోవిడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, స్కోరు కూడా ఎక్కువే, ఆర్టీపీసీఆర్ మాత్రం నెగెటివ్, కాబట్టి ఆయన కోవిడ్‌తో పోలేదని అర్థం. కొందరికి అసలు టెస్టే లేదు, కిట్లు అయిపోయాయి రేపు రండి అని పంపించారంట. ఏ ఆస్పత్రి ఏ ఊరు అన్నది ఇక్కడ వద్దు, ఒక చోట జరిగింది కాదు అది.

2022 జనవరిలో రాష్ట్రాలు సుప్రీంకోర్టుకి ఇచ్చిన లెక్క చూడండి. తెలంగాణలో అప్పటికి అధికారిక మరణాలు 3,993, పరిహారం కోసం వచ్చిన అప్లికేషన్లు దాదాపు 29 వేలు. ఏపీలో మరణాలు 14,471, అప్లికేషన్లు 36 వేలు దాటాయి. అన్నీ నిజమని నేననను, పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే చాలని రూల్ కొంచెం పెద్దది చేశారు, దొంగ క్లెయిములు కూడా వచ్చాయి, ఏపీతో కలిపి నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం శాంపిల్ చెక్ చేసుకోమని కోర్టే చెప్పింది. సరే, సగం దొంగవే అనుకుందాం. మిగిలిన సగం తీసుకున్నా తెలంగాణ లెక్క మూడు రెట్లు దాటుతుంది కదా సార్.

ఇప్పుడెందుకు ఇదంతా అంటే, మా ఊరి వాట్సాప్ గ్రూపులో మళ్ళీ మొదలైంది. అమెరికాలో 11 లక్షలకి పైన పోయారు, మన దగ్గర జనాభా నాలుగు రెట్లు ఉన్నా 5 లక్షల 30 వేలే, మనోళ్ళు ప్రపంచానికే పాఠం చెప్పారు అని ఒకరు. కాదు న్యూజిలాండ్‌ని చూడండి అని ఇంకొకరు, స్వీడన్‌లో లాక్‌డౌనే పెట్టలేదు తెలుసా అని మూడో ఆయన. మీటింగుల్లో మీరు కూడా ఇదే చేస్తున్నారు, అధికారంలో ఉన్నవాళ్ళు తక్కువ పోయిన పట్టిక చూపిస్తారు, లేనివాళ్ళు ఎక్కువ పోయిన పట్టిక చూపిస్తారు.

పట్టికలు పక్కపక్కన పెట్టి ప్రభుత్వాలకి మార్కులేయడం నాకెప్పుడూ నచ్చలేదు. న్యూజిలాండ్ అంటే 50 లక్షల జనం, చుట్టూ సముద్రం, 2020 మార్చి 19న బోర్డర్ మూసేస్తే మూసుకుపోయింది, అదే పని నేపాల్ చేయగలదా. ఇటలీలో ముసలివాళ్ళెక్కువ, పైగా యూరప్‌లో మొదటి దెబ్బ వాళ్ళకే, బెర్గామోలో శవపేటికల్ని మిలిటరీ ట్రక్కుల్లో తీసుకెళ్ళినప్పుడు మిగతా ప్రపంచం ఇంకా టీవీ చూస్తోంది. తైవాన్‌కి 2003 సార్స్ గుర్తుంది, దక్షిణ కొరియాకి 2015 మెర్స్ గుర్తుంది, అందుకే వాళ్ళు జనవరిలోనే పరిగెత్తారు, తైవాన్‌లో 2020 మొత్తం మీద పోయింది 7 మంది. వియత్నాంలో 2020 జులై ఆఖరి దాకా ఒక్క ప్రాణం పోలేదు, అందరూ చప్పట్లు కొట్టారు, మరుసటి ఏడు డెల్టా వచ్చి హోచిమిన్ సిటీని ఊపేసింది. అంటే ఏ నెలలో ఫొటో తీశారన్నదాన్ని బట్టి హీరో మారిపోతాడు. రోగం రాకముందు, 2019 అక్టోబర్‌లో, మహమ్మారి వస్తే ఎవరు రెడీగా ఉన్నారని 195 దేశాలకి ర్యాంకులిచ్చారు, ఫస్ట్ అమెరికా, సెకండ్ బ్రిటన్. ఆ తర్వాత ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే నేను రెండే చూస్తా. పోయినవాళ్ళని నిజంగా లెక్కపెట్టారా, లెక్కపెట్టాక జవాబు చెప్పడానికి కూర్చున్నారా. ఈ రెండూ దేశం పేదదా గొప్పదా, సముద్రం ఉందా లేదా అన్నదానితో పని లేకుండా ఎవరైనా చేయగలిగినవే.

పెరూ సంగతి చెప్తా, దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. జనాభా 3 కోట్ల 30 లక్షలు, అంటే దగ్గర దగ్గర తెలంగాణ అంత. 2020 మార్చి 16 నుంచే కఠినమైన లాక్‌డౌన్ పెట్టారు, లాటిన్ అమెరికాలో ముందుగా పెట్టినవాళ్ళలో వాళ్ళొకరు. అయినా నిలబడలేదు, ఎందుకంటే ఎక్కువమంది రోజు కూలీ మీద బతికేవాళ్ళు, పేదవాళ్ళ ఇళ్ళల్లో చాలామందికి ఫ్రిజ్ లేదు కాబట్టి రోజూ మార్కెట్‌కి పోవాల్సిందే, ప్రభుత్వం ఇచ్చిన సాయం డబ్బులు తీసుకోడానికి బ్యాంకుల ముందు లైన్లు కట్టారు, ఆ మార్కెట్లలో ఆ లైన్లలోనే రోగం అంటుకుంది. ఐసీయూ బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు. పైగా అధ్యక్షుడుగా చేసిన విజ్‌కార్రా, ఆరోగ్య మంత్రి, ఇంకా వందల మంది పెద్దమనుషులు జనానికి రాకముందే దొంగచాటుగా వ్యాక్సిన్ వేయించుకున్నారని 2021 ఫిబ్రవరిలో బయటపడింది. మంత్రి రాజీనామా చేసింది. చెత్తగా హ్యాండిల్ చేసిన దేశం ఏదంటే పెరూ అని ఎవరైనా చెప్తారు.

కానీ అదే పెరూ 2021 మే 31న ఏం చేసిందో చూడండి. నిపుణుల కమిటీ వేసి, మరణాల రిజిస్టర్లన్నీ తిరగేసి, ఇన్నాళ్ళూ మేం చెప్పిన 69,342 తప్పు, అసలు లెక్క 1,80,764 అని ప్రధానమంత్రే ప్రెస్ ముందు కూర్చుని చెప్పింది. ఒక్క రోజులో రెండున్నర రెట్లు. జనాభాతో పోల్చి చూస్తే ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ మరణాలున్న దేశం అన్న పేరు ఆ రోజే మీద పడింది, వారం కూడా లేదు అధ్యక్ష ఎన్నికలకి, అయినా చెప్పారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మార్కులు పెరూకే, మీరేమన్నా అనుకోండి.

దీనికి రివర్స్‌లో నడిచినవాళ్ళు చాలామంది. టాంజానియా 2020 మే తర్వాత లెక్క చెప్పడమే మానేసింది, 509 కేసులు 21 మరణాల దగ్గర మీటర్ ఆగిపోయింది, ప్రార్థనలతో రోగం పోయిందని ప్రెసిడెంట్ ప్రకటించాడు. చైనాలో మొదట్లోనే తోటి డాక్టర్లని హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్‌ని పోలీసులు పిలిచి పుకార్లు పుట్టించనని సంతకం పెట్టించుకున్నారు, నెల దాటిన కొద్ది రోజులకే ఆయన అదే రోగంతో పోయాడు. అదే చైనా 2022 డిసెంబర్‌లో రూల్స్ అన్నీ ఒక్కసారి ఎత్తేసి ఐదు వారాల్లో 60 వేల మంది పోయారని చెప్పింది, అదీ ఆస్పత్రుల్లో పోయినవాళ్ళనే లెక్కేసి. (మన దగ్గర నర్సీపట్నంలో మాస్కులు చాలట్లేదన్న మత్తుమందు ఇచ్చే డాక్టర్ని సస్పెండ్ చేసింది కూడా 2020లోనే, కాబట్టి చైనా గురించి మరీ ఎక్కువ మాట్లాడకుండా ఉంటేనే మర్యాద.)

బ్రెజిల్ మధ్యలో ఉంటుంది. ప్రెసిడెంట్ బోల్సనారో చిన్న జలుబులే అన్నాడు, ఆరోగ్య మంత్రుల్ని ఒకరి తర్వాత ఒకర్ని మార్చాడు, 2020 జూన్‌లో మొత్తం మరణాల సంఖ్యని వెబ్‌సైట్ నుంచి తీసేయించారు, అక్కడి సుప్రీంకోర్టు మళ్ళీ పెట్టించింది, పేపర్లూ టీవీలూ కలిసి రాష్ట్రాల నుంచి సొంతంగా లెక్క తెచ్చుకున్నాయి. 2021లో సెనేట్ కమిటీ నెలల తరబడి లైవ్‌లో విచారణ చేసి, చివరికి 7-4 ఓటుతో ప్రెసిడెంట్ మీదే కేసులు పెట్టమని రిపోర్టు ఇచ్చింది. మన హైదరాబాద్ కోవాగ్జిన్ కొనుగోలు కూడా ఆ కమిటీలో చర్చకొచ్చింది, మధ్యవర్తి కంపెనీ గురించి ప్రశ్నలు లేచాక బ్రెజిల్ ఆ ఒప్పందం ఆపేసింది. ఆ రిపోర్టుతో ఎవరికి శిక్ష పడింది అన్నది వేరే సంగతి, కానీ ఎంపీల్లాంటివాళ్ళు కూర్చుని అడిగారు, జనం ఇంట్లో కూర్చుని చూశారు.

బ్రిటన్ ప్రభుత్వం ఏమీ గొప్పగా చేయలేదు, లాక్‌డౌన్ లేటు, ఆస్పత్రుల నుంచి ముసలివాళ్ళని టెస్టు లేకుండా వృద్ధాశ్రమాలకి పంపారు, జనం అయినవాళ్ళ చావులకి కూడా వెళ్ళలేకపోతే ప్రధాని ఆఫీసులో పార్టీలు చేసుకున్నారు, జాన్సన్‌కి పోలీసులు ఫైన్ వేశారు. కానీ చనిపోయినవాళ్ళ కుటుంబాలు వెంటపడి ఎంక్వైరీ వేయించుకున్నాయి, హాలెట్ అనే రిటైర్డ్ జడ్జి దానికి పెద్ద, మంత్రుల వాట్సాప్ చాటింగులు ఇవ్వం అని ప్రభుత్వం కోర్టుకి పోతే ఇవ్వాల్సిందే అని హైకోర్టు చెప్పింది. మాజీ ప్రధాని వచ్చి ప్రమాణం చేసి రెండు రోజులు జవాబు చెప్పాడు. 2025 నవంబర్‌లో వచ్చిన రిపోర్టులో ఒక్క వారం ముందు లాక్‌డౌన్ పెట్టుంటే ఇంగ్లాండ్‌లో మొదటి వేవ్‌లో దాదాపు 23 వేల ప్రాణాలు మిగిలేవని రాశారు. డబ్బులు దండగ, ఇన్నేళ్ళా అని అక్కడ కూడా తిడుతున్నారు, తిట్టనివ్వండి, మనకి తిట్టడానికి కూడా ఏమీ లేదు.

స్వీడన్ గురించి వాట్సాప్‌లో సగమే చెప్తారు. లాక్‌డౌన్ పెట్టలేదన్నది నిజమే, చిన్న పిల్లల స్కూళ్ళు తెరిచే ఉంచారన్నది నిజమే, మొదటి వేవ్‌లో వృద్ధాశ్రమాల్లో దారుణంగా పోయారన్నదీ నిజమే, మూడేళ్ళు కలిపి చూస్తే అదనపు మరణాలు, అంటే మామూలుగా పోయేవాళ్ళ కంటే ఎక్కువ పోయినవాళ్ళ లెక్క, యూరప్‌లో తక్కువున్న దేశాల్లో అదొకటి అన్నదీ నిజమే. ఎవరికి కావాల్సిన ముక్క వాళ్ళు తీసుకుంటారు. చెప్పని ముక్క ఏంటంటే, 2020 జూన్ ఆఖర్లోనే, రోగం ఇంకా నడుస్తుండగానే, ఒక రిటైర్డ్ జడ్జిని పెట్టి కమిషన్ వేశారు, 2022 ఎన్నికలకి ముందే ఫైనల్ రిపోర్టు రావాలని డేటు పెట్టారు, ఫిబ్రవరిలో వచ్చేసింది కూడా. మొదట్లో ప్రభుత్వం ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా కదలాల్సింది అని ఆ రిపోర్టులోనే ఉంది, బలవంతపెట్టకుండా జనానికి చెప్పి నడిపించడం మాత్రం కరెక్టే అని కూడా ఉంది. ఓటు వేసేముందు జనం చేతిలో ఆ కాగితం ఉంది.

ఇక న్యూజిలాండ్, ఇది మీరు బాగా వినాలి ఎందుకంటే మీ ఉద్యోగానికి సంబంధించింది. లాక్‌డౌన్ పెట్టి పార్లమెంట్ ఆపాల్సి వచ్చినప్పుడు, 2020 మార్చి 25న, ఒక స్పెషల్ కమిటీ వేశారు, దానికి ఛైర్మన్ ఎవరో తెలుసా, ప్రతిపక్ష నాయకుడు. సభ్యుల్లో మెజారిటీ కూడా ప్రతిపక్షమే. జూమ్‌లో కూర్చుని మంత్రుల్నీ అధికారుల్నీ ప్రశ్నలడిగారు, అందరూ లైవ్ చూశారు. ఆగస్టులో ఆక్లాండ్‌లో కేసులొస్తే సెప్టెంబర్ 19న జరగాల్సిన జనరల్ ఎలక్షన్ని అక్టోబర్ 17కి జరిపారు. వాళ్ళూ దేవుళ్ళేం కాదు, బయట చిక్కుకున్న సొంత పౌరుల్నే లాటరీ తీసి రానిచ్చారు, అది చాలామంది విషయంలో హక్కులకి భంగం అని వాళ్ళ హైకోర్టే 2022లో చెప్పింది.

మన దగ్గర? 2020 సెప్టెంబర్‌లో సమావేశాలు పెట్టారు, క్వశ్చన్ అవర్ తీసేశారు. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు కోవిడ్ అని చెప్పి రద్దు చేశారు. అదే డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగాయి, దానికి ముందు ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద నాయకులు దిగి హైదరాబాద్ గల్లీల్లో రోడ్‌షోలు చేశారు. వైరస్‌కి పార్లమెంట్ అంటే ఇష్టం, రోడ్‌షో అంటే భయం అనుకోవాలేమో. రాష్ట్రాలేం తక్కువ తినలేదు. 2021 ఏప్రిల్‌లో సెకండ్ వేవ్ లేస్తుంటే 17న తిరుపతి, నాగార్జునసాగర్ ఉప ఎన్నికలు, 14న హాలియాలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి బహిరంగ సభ, 19న ఆయనకే పాజిటివ్. అయినా ఆగారా, నెలాఖరుకి, ఏప్రిల్ 30న, వరంగల్, ఖమ్మం కార్పొరేషన్ ఎన్నికలు పెట్టారు. పోలింగ్ డ్యూటీకి పోయిన టీచర్ల ఇళ్ళకి ఒకసారి వెళ్ళి మాట్లాడండి.

మంచి జరిగింది కూడా చెప్తా, లేకపోతే పార్టీ మనిషి అంటారు. 2021 జనవరి 16న వ్యాక్సిన్ మొదలుపెట్టి అక్టోబర్ 21కి 100 కోట్ల డోసులు వేయడం చిన్న పని కాదు, మా ఊరి ఆశా అక్కలు, ఏఎన్ఎంలు తిండి నిద్రా లేకుండా తిరిగారు. ఉచిత రేషన్ బియ్యం వచ్చింది, అది లేకపోతే ఆకలికి పోయేవాళ్ళు. మన విశాఖ స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ ఎక్కించుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ 2021 ఏప్రిల్ 22న మహారాష్ట్రకి బయల్దేరింది, గర్వంగానే ఉంటుంది.

కానీ ఇరవై రోజులు తిరక్కుండా, మే 10న, తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది పోయారు, తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ లేటు. జులైలో రాజ్యసభలో మంత్రిగారి జవాబు ఏంటంటే, ఆక్సిజన్ లేక చనిపోయినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా రిపోర్ట్ చేయలేదు అని. సాంకేతికంగా అబద్ధం కాదు, రాష్ట్రాలు రాసివ్వలేదు, కేంద్రం గట్టిగా అడగలేదు. మళ్ళీ గట్టిగా అడిగాక ఆగస్టులో ఏపీ నుంచి ఒక రిపోర్టు వెళ్ళింది. 2022 సెప్టెంబర్‌లో మీ పార్లమెంట్ స్టాండింగ్ కమిటీయే, అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నది, ఆక్సిజన్ లేక పోయినవాళ్ళ మీద రాష్ట్రాలతో కలిసి ఆడిట్ చేయమని ఆరోగ్య శాఖకి గట్టిగా రాసింది. ఏది ఆ ఆడిట్? అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో, వలస కూలీలు దారిలో ఎంతమంది పోయారని అడిగితే కార్మిక శాఖ అట్లాంటి డేటా మా దగ్గర లేదంది. మార్చి 24 రాత్రి 8కి చెప్పి 12కి దేశం మూసేస్తే కదా వాళ్ళు నడిచింది, ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీదుగా గూడ్సు బండి వెళ్ళింది, అవి కూడా లెక్కలేని చావులేనా.

ఇప్పుడు అసలు లెక్క. 2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళలో ఇండియాలో అదనంగా 47 లక్షల మంది పోయారని అంచనా వేసింది, మన అధికారిక లెక్కకి దాదాపు పది రెట్లు. మోడల్ కట్టి చెప్పారు మేం ఒప్పుకోం, మా దగ్గర జనన మరణాల రిజిస్ట్రేషన్ ఉంది అని కేంద్రం అభ్యంతరం చెప్పింది. అభ్యంతరంలో న్యాయం ఉంది, అది అంచనాయే. మన వాదన బలపడాలని 2020 రిజిస్ట్రేషన్ లెక్కని మే 3నే, రెండు రోజుల ముందు, హడావుడిగా విడుదల చేశారు. బాగుంది. మరి డెల్టా వచ్చిన 2021 లెక్క ఎప్పుడు ఇచ్చారు? 2025 మేలో. అందులో ఏముంది? 2019లో నమోదైన మరణాలు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1 కోటి 2 లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి, ఆ ఏడాది అధికారిక కోవిడ్ మరణాలేమో 3 లక్షల 30 వేల చిల్లర. రిజిస్ట్రేషన్ మెరుగుపడటం వల్ల కొంత పెరిగి ఉంటుంది, ఒప్పుకుంటా, సర్టిఫికెట్లు తీసిచ్చేవాణ్ణి నాకు తెలుసు, బీమా కోసం పరిహారం కోసం జనం పరిగెత్తి నమోదు చేయించుకున్నారు. కానీ 21 లక్షలూ అదేనా? ఎవరో ఒకరు కూర్చుని ఇది ఇంత, అది అంత అని విడదీసి చెప్పాలి కదా. తన పేపర్ తనే దిద్దుకుని, ఆ పేపర్ మూడేళ్ళు బీరువాలో దాచి, క్లాస్ ఫస్ట్ నేనే అన్నట్టుంది ఇది.

తెలంగాణ కథ ఇంకా ముందే మొదలైంది, 2020లో శవాలకి టెస్టు చేయొద్దని ఆర్డర్ ఇస్తే, చేయాల్సిందే అని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2021 మేలో పుల్లూరు టోల్ ప్లాజా దగ్గర కర్నూలు వైపు నుంచి వచ్చే అంబులెన్సుల్ని ఆపేశారు, హైదరాబాద్ మన అందరిదీ అన్నవాళ్ళే ఆపారు, హైకోర్టు స్టే ఇచ్చేలోపు ఆ టోల్ ప్లాజా దగ్గర ఏం జరిగిందో ఏ రిపోర్టులోనూ లేదు. ఆంధ్రాలో అదే నెల జనం కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం వేలల్లో ఎగబడ్డారు, అందరూ నవ్వారు, నేను నవ్వలేదు, బెడ్ దొరకని మనిషి ఎక్కడికైనా పోతాడు.

ఇప్పుడు మీ అందరికీ ఒకటే లెటర్ ఎందుకంటే, మీలో ఎవరికీ పూర్తిగా చేతులు శుభ్రంగా లేవు, పూర్తిగా మురికీ లేవు. టీడీపీ, జనసేన వాళ్ళు రుయా గురించి అడగగలరు, ఢిల్లీ గురించి అడగలేరు, పొత్తు. వైసీపీ వాళ్ళు ఢిల్లీని అడిగితే రుయా బయటికొస్తుంది. తెలంగాణ బీజేపీ ఎంపీలు పుల్లూరు గురించి గంటసేపు మాట్లాడతారు, 2021 రిజిస్ట్రేషన్ లెక్క గురించి నోరు తెరవరు. కాంగ్రెస్ వాళ్ళకి రెండూ అడిగే వీలుంది, కానీ అప్పుడు వాళ్ళ ప్రభుత్వాలున్న రాష్ట్రాల లెక్క కూడా టేబుల్ మీద పెట్టాలి. అసదుద్దీన్ గారు ఒక్కరే ఎంతకని అడుగుతారు. అందుకే ఒకరి మీద ఒకరు వేసుకోకుండా కలిసి అడగండి అంటున్నా.

ఏం అడగాలంటే, 1952 ఎంక్వైరీ కమిషన్ల చట్టం ఉంది, దాని కింద సుప్రీంకోర్టు జడ్జితో కమిషన్ వేయమనండి, కేంద్రంతో పాటు రాష్ట్రాలనీ అందులో కలపమనండి, రిపోర్టు 2029 ఎన్నికలకి ముందు రావాలని స్వీడన్‌లా డేటు పెట్టమనండి. 2018 నుంచి నెలవారీగా జిల్లావారీగా ఎన్ని మరణాలు నమోదయ్యాయో పబ్లిక్‌గా పెట్టమనండి, మా దగ్గర కంప్యూటర్లో ఉన్న డేటానే అది, కొత్తగా పుట్టించాల్సింది ఏమీ లేదు. మీ స్టాండింగ్ కమిటీ అడిగిన ఆక్సిజన్ ఆడిట్ ఏమైందో అడగండి. కాగితం సరిగ్గా లేదని రిజెక్ట్ చేసిన పరిహారం ఫైళ్ళు ఇంకోసారి తెరవమనండి.

లోక్‌సభ రూల్ 193 కింద చర్చకి నోటీసు ఇవ్వాలంటే ఒక ఎంపీ పేరు, మద్దతుగా ఇంకో ఇద్దరి సంతకాలు చాలంట. 42 మందిలో ముగ్గురు. ఆ ముగ్గురూ మూడు పార్టీలవాళ్ళయితే ఇంకా మంచిది. నోటీసు కాపీ ఫేస్‌బుక్‌లో పెట్టండి, ప్రింట్ తీసి మా సెంటర్ గోడకి అంటిస్తా, రిజెక్ట్ అయిన ఫైళ్ళ గురించి ఇప్పటికీ వచ్చి అడిగేవాళ్ళున్నారు, వాళ్ళకి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇట్లు,
మీసేవ నడుపుకునే ఒక ఓటరు,
జగిత్యాల జిల్లా